మందు పొరపాట్లను ఆపే కంప్యూటర్ అలర్ట్‌లు: ఒడిశా సరిహద్దు ఆసుపత్రులకు సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఓ మాదిరి ఆసుపత్రులు చాలావరకు బిల్లింగ్ కోసమే సాఫ్ట్‌వేర్ కొన్నాయి. తప్పు మందో, ఎక్కువ మోతాదో రాస్తే స్క్రీన్ మీద హెచ్చరించే మందుల అలర్ట్‌ల భాగం కూడా అందులోనే ఉంటుంది. అమ్మినవాళ్లు డెమోలో ఒక ఎర్ర డబ్బా చూపించి వెళ్తారు. ఆ తర్వాత కొన్నిచోట్ల అన్ని అలర్ట్‌లూ ఆన్ చేసి వదిలేస్తారు. నెల తిరక్కుండా స్టాఫంతా చదవకుండానే 'ఓకే' నొక్కడం అలవాటు చేసుకుంటారు. ఇంకొన్నిచోట్ల ఆ గోల భరించలేక అన్నీ ఆఫ్ చేయిస్తారు. రెండు చోట్లా రోగికి ఒరిగేది ఏమీ లేదు.

యాభై నుంచి నూటయాభై పడకల ఆసుపత్రిలో సూపరింటెండెంట్, ఫార్మసిస్టు, నర్సింగ్ ఇన్‌చార్జి, కంప్యూటర్ చూసే కుర్రాడు నలుగురూ కలిసి కూర్చుని చదవడానికి ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అలర్ట్‌లు తక్కువ పెట్టండి. మీ వార్డుల్లో నిజంగా జరిగే పొరపాట్లకే పెట్టండి. ఒక్కోదానికి ఒక మనిషిని బాధ్యులుగా పెట్టండి. ఇక్కడ రాసిన మోతాదులు అలర్ట్ ఎలా కట్టాలో చూపించడానికే. మీ స్క్రీన్ మీదికి ఏ అంకె ఎక్కాలన్నా ముందు మీ డాక్టర్లు చూసి సంతకం పెట్టాలి.

ఇంతకీ ఇవి పనిచేస్తాయా అంటే, చేస్తాయి. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో డాక్టర్లు మందులు కంప్యూటర్‌లోనే రాయడం మొదలుపెట్టాక, మధ్యలో ఎవరూ పట్టుకోకుండా రోగిదాకా పోయే తీవ్రమైన పొరపాట్లు 55 శాతం తగ్గాయని 1998లో ప్రచురించారు. 2006లో వచ్చిన ఒక సమీక్ష రెండో వైపు చూపించింది. రకరకాల ఆసుపత్రుల్లో డాక్టర్లు తోసేసి ముందుకు వెళ్లిన అలర్ట్‌లు 49 నుంచి 96 శాతం దాకా ఉన్నాయని తేల్చింది. మీ ఆసుపత్రి ఏ వైపు ఉండాలో తేల్చేది కింద చెప్పే పని.

1. ముందు మందు నడిచే దారి చూడండి

సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందు ఒక రోజు వార్డులో నిలబడండి. డాక్టరుగారు చెప్పిన మందు రోగి ఒంట్లోకి చేరేలోపు ఎన్ని చేతులు మారుతోందో కాగితం మీద గీయండి. రౌండ్లో కేస్‌షీట్ మీద రాస్తారు. సిస్టర్ ఇండెంట్ (ఫార్మసీకి మందులు కోరే చీటీ) రాస్తుంది. ఫార్మసీ ఇస్తుంది. రాత్రి డ్యూటీ సిస్టర్ ఎక్కిస్తుంది. ఈ దారిలో కంప్యూటర్ ఎక్కడ ఉంది?

చిక్కంతా ఇక్కడే ఉంది. చాలాచోట్ల మందులను కంప్యూటర్‌లో ఎక్కించేది డాక్టరు కాదు, డేటా ఎంట్రీ ఆపరేటరు. ఉదయం రౌండ్లో రాసింది మధ్యాహ్నం బిల్లు కోసం ఎక్కుతుంది. అప్పటికే మొదటి డోసు పడిపోయి ఉంటుంది. కిడ్నీ రోగికి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కువవుతోందని స్క్రీన్ అరిచేది ఇంటర్ చదివిన ఒక కుర్రాడి ముందు. అతను 'కొనసాగించు' నొక్కుతాడు. అతని తప్పేమీ లేదు, అది అతని పని కాదు. లాగ్‌లో మాత్రం డాక్టరుగారి పేరు మీద 'అలర్ట్ చూశారు' అని పడుతుంది.

దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, డాక్టర్లే ఎక్కించడం. అన్ని వార్డుల్లో ఒకేసారి కాదు, పిల్లల వార్డుతో మొదలుపెట్టండి, అక్కడ బరువును బట్టి లెక్కలు ఎక్కువ కాబట్టి. రెండోది, రౌండ్లోనే సిస్టర్ ట్యాబ్ మీద ఎక్కిస్తూ, వచ్చిన అలర్ట్‌ను డాక్టరుగారికి పైకి చదివి వినిపించడం. మూడోది, ఎక్కించేది ఆపరేటరే అయినా అలర్ట్ మాత్రం ఫార్మసిస్టు స్క్రీన్ మీదికి వెళ్లేలా చేసి, ఫార్మసిస్టు ఫోన్ చేసి తేల్చేదాకా మందు కౌంటర్ దాటనివ్వకపోవడం. డాక్టర్లు తక్కువగా ఉన్న ఆసుపత్రికి ఈ మూడోదే ఆచరణలో నిలబడుతుంది. అయితే వార్డు బీరువాలో అన్ని మందులూ నిల్వ పెడితే ఈ కాపలా వ్యర్థం. ఎమర్జెన్సీ మందులు ఉంచి మిగతావి ఫార్మసీకి వెనక్కి పంపండి.

ఇప్పటిదాకా ఏ పొరపాట్లు జరిగాయో తెలుసుకోవడానికి ఇన్సిడెంట్ రిజిస్టర్ మీద ఆశ పెట్టుకోకండి, అది సాధారణంగా ఖాళీగా ఉంటుంది. ఫార్మసిస్టును అడగండి: గత నెలలో డాక్టరుకు ఫోన్ చేసి 'సార్, ఇది సరిగ్గానే ఉందా?' అని అడిగిన సందర్భాలు ఏమిటి? మీ మొదటి అలర్ట్‌ల జాబితా సగం అక్కడే దొరుకుతుంది.

2. రోగి వివరాలు: అలర్ట్‌కు తిండి ఇదే

బరువు తెలియకపోతే పిల్లల మోతాదు అలర్ట్ మోగదు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ లేకపోతే కిడ్నీ అలర్ట్ మోగదు. మోగలేదు కాబట్టి అంతా బాగుందని స్టాఫ్ అనుకుంటారు. అసలు అలర్ట్ లేకపోవడం కంటే ఇది ప్రమాదం.

మన ప్రాంతంలో మొదటి తలనొప్పి రిజిస్ట్రేషన్ దగ్గరే. లక్ష్మి అనే పేరును తెలుగు క్లర్కు ఒకలా, ఒడియా క్లర్కు ఇంకోలా ఇంగ్లిషులో ఎక్కిస్తారు. వెతికితే పాత నంబరు దొరకదు, కొత్త నంబరు పుడుతుంది. పెన్సిలిన్ ఎలర్జీ పాత నంబరులోనే ఉండిపోతుంది. ఫోన్ నంబరుతో వెతుకుదామంటే కొండ గ్రామాల నుంచి వచ్చేవాళ్లలో పదిమందికి ఒకే నంబరు ఉంటుంది, అది ఆశా కార్యకర్తది. అందుకని కనీసం మూడు చూడండి: పేరు, పుట్టిన సంవత్సరం, తండ్రి లేదా భర్త పేరు. 14 అంకెల ఆభా నంబరు (జాతీయ ఆరోగ్య గుర్తింపు సంఖ్య) ఉంటే అది అన్నిటికంటే మేలు. వారానికోసారి డూప్లికేట్ నంబర్ల జాబితా తీసి కలిపేసే పని ఒకరికి అప్పగించండి.

బరువు కిలోల్లోనే ఉండాలి, తూచిన తేదీ పక్కనే కనబడాలి. పిల్లలకు బరువు ఎక్కించకుండా మందు రాయడం కుదరకూడదు. నా లెక్కలో ఎంత కఠినంగా పెట్టినా తప్పులేని నిబంధన ఇదొక్కటే. నెలల పసికందుకు ఆరు నెలల కిందటి బరువు పనికిరాదు.

ఎలర్జీ గడికి మూడు జవాబులు పెట్టండి: ఉంది, అడిగాం లేదన్నారు, ఇంకా అడగలేదు. ఖాళీ గడిని కంప్యూటర్ 'లేదు' అనుకోకూడదు. 'ఉంది' అంటే ఏ మందుకు, ఏం జరిగింది అన్నది కూడా రాయాలి. సల్ఫా బిళ్ల వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు లేచాయంటే అది ఎలర్జీ. కడుపులో మంట పుట్టిందంటే కాదు. రెండూ ఒకే గడిలో పడితే అనవసరపు అలర్ట్‌లు పుట్టుకొస్తాయి.

మన దగ్గర ఇంకో నాలుగు గడులు తప్పనిసరి: గర్భం, క్రియాటినిన్, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్; ఇది లోపిస్తే కొన్ని మందులు ఆ కణాలను పగలగొడతాయి), సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు). ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు నుంచి బరంపురం వచ్చేవాళ్లలో ఉద్దానం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లుంటారు. వాళ్లు ఒళ్లునొప్పులని వస్తారు, కిడ్నీ సంగతి అడిగితేగాని చెప్పరు. గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్, జీ6పీడీ లోపం రెండూ కనిపిస్తాయి, మలేరియా ఎలాగూ ఉంది. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మొదలయ్యాక పరీక్ష చేయించుకుని కార్డు పొందినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కార్డు చూపించమని రిజిస్ట్రేషన్ కౌంటర్‌లోనే అడగండి.

ఇక బయటి మందులు. రోగి పాతపట్నంలో కొన్న షుగరు బిళ్ల, విశాఖ కేజీహెచ్‌లో రాసిచ్చిన రక్తం పలచబడే మందు, ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా వచ్చే టీబీ, హెచ్ఐవీ మందులు ఏవీ మీ ఫార్మసీ బిల్లులో ఉండవు. సాఫ్ట్‌వేర్‌కు అవి లేనట్టే. చేర్చుకునేటప్పుడు సంచిలోని స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిపించి, 'బయటి మందులు' అన్న పేరుతో ఎక్కించండి. అలా ఎక్కించినవి కూడా అలర్ట్ లెక్కల్లోకి వచ్చేలా అమర్చారో లేదో సాఫ్ట్‌వేర్ వాళ్లను గట్టిగా అడగండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ గడి నోట్స్ కిందే ఉండిపోతుంది.

3. డ్రగ్ మాస్టర్ శుభ్రం చేయడం

డ్రగ్ మాస్టర్ అంటే సాఫ్ట్‌వేర్‌లోని మందుల అసలు జాబితా. దాన్ని సరిచేయడం విసుగు పుట్టించే పని, అందుకే ఎవరూ చేయరు. అలర్ట్‌ల సగం జాతకం ఇక్కడే ఉంటుంది.

ప్రతి మందూ దాని జనరిక్ పేరుకు, అంటే బ్రాండు వెనకున్న అసలు మందు పేరుకు ముడిపడాలి. స్టోర్ కీపరు కొత్త బ్రాండు కొని, పేరు, ధర, జీఎస్టీ ఎక్కించి వదిలేస్తే ఆ బ్రాండు విషయంలో అలర్ట్‌లన్నీ మూగవే. ఫార్మసిస్టు జనరిక్‌కు కలిపేదాకా కొత్త మందు స్క్రీన్ మీద కనబడకూడదు. ఈ ఒక్క నిబంధన ఆసుపత్రి ఆర్డరుగా రాసి పెట్టండి.

కలిపి వచ్చే మందులను విడగొట్టాలి. నాలుగు టీబీ మందులు కలిసిన బిళ్లలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబ్యుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి. దాన్ని ఒకే పేరుగా ఎక్కిస్తే లోపల రిఫాంపిసిన్ ఉందని కంప్యూటర్‌కు తెలియదు. నొప్పి బిళ్లల్లో దాగిన పారాసెటమాల్‌దీ ఇదే కథ.

ఇంగ్లిషులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టగానే జాబితా తెరుచుకునే సాఫ్ట్‌వేర్లలో పక్క పేరు మీద వేలు పడుతుంది. కనీసం ఐదు అక్షరాలు కొట్టాకే జాబితా రావాలన్నది మందుల భద్రత నిపుణుల సలహా. మనకు అదీ చాలదు. హైడ్రాక్సియూరియా, హైడ్రాక్సీక్లోరోక్విన్, హైడ్రాక్సిజిన్, హైడ్రోకార్టిసోన్, హైడ్రోక్లోరోథయజైడ్ అన్నిటికీ ఇంగ్లిషులో మొదటి ఐదు అక్షరాలూ ఒకటే. సికిల్ సెల్ రోగులు ఎక్కువున్న మన ప్రాంతంలో హైడ్రాక్సియూరియా రోజూ రాసేదే. అందుకని ఈ మందుల పక్కన 'సికిల్ సెల్', 'దురద', 'బీపీ' అని చిన్నగా ఉపయోగం కనబడేలా చేయండి. డోపమిన్, డోబ్యుటమిన్ లాంటి జంటల్లో తేడా ఉన్న అక్షరాలను మాత్రం పెద్దవిగా చూపించే పద్ధతి కూడా ఉంది. చేయడం తేలిక, చేసేయండి.

ఇన్సులిన్‌కు ప్రత్యేక జాగ్రత్త. మన దేశంలో వయల్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్ను కాట్రిడ్జ్ 100 యూనిట్లు. సిరంజి దేనికి దానిదే. ఇన్సులిన్ పేరు ఎక్కడ కనబడినా ఈ అంకె దాని పక్కనే ఉండాలి. 'యూనిట్లు' అని పూర్తిగా రాయాలి. ఒక్క ఇంగ్లిష్ అక్షరంతో సరిపెడితే అది సున్నాలా కనబడి పది యూనిట్లు వంద అవుతాయి.

మోతాదు గడిలో కొలత ఏమిటో స్పష్టంగా ఉండాలని చెప్పడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక యూనివర్సిటీ ఆసుపత్రిలో 2013లో జరిగింది వినండి. పదహారేళ్ల పిల్లాడు, బరువు 38.6 కిలోలు. ఇవ్వాల్సింది 160 మిల్లీగ్రాముల కోట్రైమాక్సజోల్ (సల్ఫా కలిసిన యాంటీబయాటిక్) బిళ్ల ఒకటి. డాక్టరు 160 అని కొట్టారు. గడి మాత్రం 'కిలోకు మిల్లీగ్రాములు' మీద ఉంది. లెక్క కట్టిన కంప్యూటర్ ముప్పై ఎనిమిదిన్నర బిళ్లలు ఇమ్మంది. డాక్టరు ముందు అలర్ట్ వచ్చింది, ఫార్మసిస్టు ముందూ వచ్చింది. రోజూ వచ్చే వందల్లో ఒకటనుకుని ఇద్దరూ దాటేశారు. మందులు తీసే రోబో బిళ్లలు లెక్కపెట్టి ఇచ్చింది. మంచం దగ్గర బార్‌కోడ్ కూడా సరిపోయింది. పిల్లాడు అన్నీ మింగి ఫిట్స్‌లోకి వెళ్లాడు, చివరికి బతికాడు. ఆ ఆసుపత్రిలో లేని పరికరం లేదు. బిళ్ల రూపంలో ఇచ్చే మందుకు లెక్క చివర 'ఎన్ని బిళ్లలు' అన్నది పెద్ద అక్షరాల్లో కనబడాలి. ఒక డోసుకు నాలుగైదు బిళ్లలు దాటితే మామూలు అలర్ట్‌లా కాక వేరే రంగులో, వేరే ఆకారంలో రావాలి.

4. మొదటి అలర్ట్‌లు ఏవి

ఘాట్‌రోడ్డు మీద హారన్ మలుపు దగ్గర కొడతారు. దారి పొడుగునా కొడుతూ పోతే మలుపు దగ్గర కొట్టినదాన్ని ఎదుటివాడు పట్టించుకోడు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే డేటాబేస్‌లో మందుల మధ్య వేల పరస్పర ప్రభావాలుంటాయి. అన్నీ ఆపి, ఈ కింది వాటితో మొదలుపెట్టండి.

మలేరియా మందు ప్రైమాక్విన్ మనకు అన్నిటికంటే ముఖ్యం. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు, జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. వైవాక్స్ మలేరియాకు కిలోకు 0.25 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు, ఫాల్సిపారమ్‌కు కిలోకు 0.75 చొప్పున ఒక్కసారే. పెద్దవాళ్లకు ఇది 15, 45 అవుతుంది. 45 మిల్లీగ్రాములను 14 రోజులకు రాస్తే అది ఘోరం. కాబట్టి మోతాదును విడిగా, రోజులను విడిగా చూసే అలర్ట్ చాలదు, రెండూ కలిపి చూడాలి. జీ6పీడీ గడి ఖాళీగా ఉంటే మందును ఆపకండి, 'పరీక్ష చేశారా? మూత్రం నల్లగా వస్తే మందు ఆపి వెంటనే రమ్మని చెప్పారా?' అని అడిగించండి. ఆర్టిసునేట్‌తో సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ ఇచ్చేచోట సల్ఫా ఎలర్జీ అలర్ట్ దానికీ తగలాలి.

కిడ్నీ అలర్ట్ రెండోది. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు, జెంటామైసిన్, అమికాసిన్, షుగరు మందు మెట్‌ఫార్మిన్ రాస్తే మోగాలి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కంటే తక్కువుంటే మెట్‌ఫార్మిన్ వద్దన్నది అందరూ ఒప్పుకున్నదే. నొప్పికి ఇంజెక్షన్ పొడిపించుకోవడం మన జనానికి ఎంత అలవాటో తెలిసిందే. ఈ అలర్ట్ ఓపీలోనూ ఉండాలి.

హైడ్రాక్సియూరియాకు రెండు ప్రశ్నలు: గర్భం ఉందా, రక్తకణాల పరీక్ష మీ డాక్టర్లు పెట్టిన గడువులో చేయించారా? గడువు దాటితే మందు ఆగకూడదు, పరీక్ష రాయించాలి.

సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌ది వయసును బట్టి తీరు మార్చాల్సిన అలర్ట్. 28 రోజుల లోపు పసికందుకు ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ సెలైన్) లాంటి కాల్షియం ఉన్న ద్రవాలు ఎక్కుతుంటే సెఫ్ట్రియాక్సోన్ పూర్తిగా నిషిద్ధం. పెద్దవాళ్లకైతే రెండూ ఒకేసారి ఒకే లైన్‌లో కలవకుండా, మధ్యలో లైన్ కడిగి ఇవ్వవచ్చు. రెండిటికీ ఒకే ఎర్ర డబ్బా పెడితే, రోజూ పెద్దవాళ్ల దగ్గర దాన్ని దాటేసే చెయ్యి పసికందు దగ్గర కూడా దాటేస్తుంది.

మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వారానికోసారే. రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది. గడి తెరవగానే 'వారానికోసారి' అని దానంతటదే రావాలి. రోజూ అని మారిస్తే ఏ జబ్బుకో రాయనిదే ముందుకు పోనివ్వకూడదు.

రిఫాంపిసిన్ ఉన్నవాళ్లకు రక్తం పలచబడే మందు వార్‌ఫరిన్, గర్భనిరోధక బిళ్లల పనితనం తగ్గుతుంది. హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు అవుతుంది. మిగిలినవి క్లుప్తంగా: పిల్లల పారాసెటమాల్ (డోసుకు కిలోకు 15 మిల్లీగ్రాములు దాటితే), పెన్సిలిన్ ఎలర్జీ, గర్భిణికి బీపీ మందు ఎనలాప్రిల్ లేదా ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్, రెండు బ్రాండ్ల పేర్లతో ఒకే మందు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు జ్వరం, నొప్పుల మందు నిమెసులైడ్. ఈ చివరిదాన్ని 2011లోనే నిషేధించారు. అయినా ఇంటి నుంచి సీసా తెచ్చుకునేవాళ్లుంటారు.

పొటాషియం క్లోరైడ్‌కు నేను అలర్ట్‌ను నమ్మను. పది మిల్లీలీటర్ల ఆంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. నేరుగా నరంలోకి నెడితే గుండె ఆగుతుంది. రాత్రి రెండింటికి సిరంజి పట్టుకున్న చేతిని స్క్రీన్ ఆపలేదు. ఆంపూల్స్ వార్డు నుంచి తీసేయండి, ఐసీయూలో మాత్రం తాళం వేసి ఉంచండి. అలర్ట్ ఆ తర్వాత సంగతి.

5. ఎంత గట్టిగా ఆపాలి

మూడు స్థాయిలు చాలు. పూర్తిగా ఆపేది, కారణం రాస్తే వదిలేది, పక్కన చిన్న గుర్తుగా కనబడేది. మొదటి స్థాయిలో మూడు నాలుగుకు మించి ఉండకూడదు: బరువు లేని పిల్లలు, పసికందుకు కాల్షియంతో సెఫ్ట్రియాక్సోన్, ఏ జబ్బుకో రాయని రోజువారీ మెథోట్రెక్సేట్, తీవ్రమైన పెన్సిలిన్ ఎలర్జీ ఉన్నవాళ్లకు పెన్సిలిన్.

గట్టిగా ఆపడం మందుకే అడ్డం పడవచ్చు. వార్‌ఫరిన్ వాడేవాళ్లకు కోట్రైమాక్సజోల్ రాస్తే దాదాపు పూర్తిగా ఆపే అలర్ట్‌ను అమెరికాలో పరీక్షించి 2010లో ప్రచురించారు. అలర్ట్ మాట విన్నవాళ్లు 57 శాతం. అలా ఆపని మామూలు పద్ధతిలో 13.5 శాతమే. అంకెల్లో గొప్ప విజయం. కానీ నలుగురు రోగులకు అవసరమైన చికిత్స ఆలస్యమైందని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అందుకని పూర్తిగా ఆపే ప్రతి అలర్ట్‌కూ ఒక తలుపు ఉంచండి: డ్యూటీలో ఉన్న సీనియర్ డాక్టరు పేరుతో, ఫోన్‌లోనైనా సరే, రెండు నిమిషాల్లో తెరుచుకునేలా.

కొత్తగా సాఫ్ట్‌వేర్ కొనబోతుంటే ఒకే ప్రశ్న వేయండి: అలర్ట్ నిబంధన మార్చాలంటే మేమే మార్చుకోగలమా, లేక ప్రతిసారీ మీకు ఫోన్ చేయాలా? బిల్లింగ్ అందం చూసి మోసపోకండి. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గరి గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రిలో మొదలైన బహ్మ్ని లాంటి ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. లైసెన్సు డబ్బు ఉండదు, కానీ చూసుకునే మనిషి కావాలి.

6. అలర్ట్‌లో ఏం రాయాలి

'ఔషధాల పరస్పర ప్రభావం, తీవ్రత 2, కొనసాగించాలా?' అన్నది అలర్ట్ కాదు. దానికి ఎవరైనా 'అవును' అనే అంటారు. ఇలా ఉండాలి:

'జెంటామైసిన్. నిన్నటి క్రియాటినిన్ 3.1. ఈ మోతాదు కిడ్నీలకు ప్రమాదం. మోతాదు మార్చు / వేరే మందు / కారణం రాసి కొనసాగించు.'

ఏ మందు, ఈ రోగి విషయంలో ఎందుకు, ఇప్పుడేం చేయాలి. రెండు మూడు చిన్న వాక్యాలు. ముందుగా వేలు పడే చోట సురక్షితమైన మీట ఉండాలి. కారణాల కోసం నాలుగైదు రెడీమేడ్ జవాబులు ఇవ్వండి, లేకపోతే డాక్టర్లు చుక్క పెట్టి దాటేస్తారు. లాగ్ తీస్తే చుక్కలే కనబడతాయి. అలర్ట్ రాతను తెలుగు సిస్టరుకు, ఒడియా సిస్టరుకు ఇద్దరికీ చూపించి ఏం అర్థమైందో అడిగాకే ఖరారు చేయండి.

7. మోగించే ముందు పరీక్ష

ఉత్తుత్తి రోగులను సృష్టించండి. 10 కిలోల పాపకు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్. ఆరు రోజుల బిడ్డకు ఆర్‌ఎల్ నడుస్తుండగా సెఫ్ట్రియాక్సోన్. అయిదో నెల గర్భిణికి ప్రైమాక్విన్. 60 కిలోల మనిషికి 45 మిల్లీగ్రాముల ప్రైమాక్విన్ 14 రోజులు. 'బయటి మందులు'లో టీబీ బిళ్ల ఉన్నవాళ్లకు వార్‌ఫరిన్. నిన్ననే కొన్న కొత్త బ్రాండు డైక్లోఫెనాక్ కిడ్నీ రోగికి. మోగకూడని కేసులు కూడా అన్నే పెట్టండి: అదే మనిషికి అదే 45 ఒక్కరోజు, కడుపు మంట మాత్రమే నమోదైన వ్యక్తికి కోట్రైమాక్సజోల్.

తర్వాత రెండు వారాలు అలర్ట్‌లను స్క్రీన్ మీద చూపించకుండా, వెనక లాగ్‌లో మాత్రం నమోదు కానివ్వండి. రోజుకు ఎన్ని మోగేవో, వాటిలో పనికొచ్చేవి ఎన్నో ఫార్మసిస్టు కూర్చుని చూస్తే, స్టాఫును విసిగించకుండానే పనికిరానివి ఏరేయవచ్చు. ఆ రెండు వారాల్లో నిజంగా ప్రమాదకరమైనది కనబడితే చూస్తూ ఊరుకోకుండా అప్పటికప్పుడే ఫోన్ చేయాలన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు.

8. మంచం దగ్గర

సరైన మందు వేరే మనిషికి పడితే పైన చేసిందంతా వృథా. బార్‌కోడ్ కొనగలిగితే మంచిదే. లేకపోతే చేతికి పట్టీ, దాని మీద పేరు, నంబరు. ఒకే వార్డులో ఒకే ఇంటిపేరు, దగ్గర దగ్గర పేర్లు ఉన్నవాళ్లుంటే సిస్టర్ స్క్రీన్ మీద 'ఈ వార్డులో ఇలాంటి పేరు ఇంకొకరిది ఉంది' అని రావాలి. సవర గ్రామాల నుంచి వచ్చినవాళ్లతో వార్డు నిండినప్పుడు దీని విలువ తెలుస్తుంది. రోగిని 'నువ్వు ఫలానావేనా?' అని అడగొద్దు, భాష అర్థంకాని మనిషి దేనికైనా తలూపుతాడు. 'నీ పేరేమిటి?' అని చెప్పించుకోవాలి.

9. ఆన్ చేశాక

మొదటి రెండు నెలలు వారానికి అరగంట, తర్వాత నెలకోసారి కూర్చోండి. ఏ అలర్ట్ ఎన్నిసార్లు మోగింది, ఎన్నిసార్లు దాటేశారు అన్నది చూడండి. ఒక అలర్ట్‌ను పదింట తొమ్మిదిసార్లు దాటేస్తుంటే డాక్టర్లను తిట్టడానికి ముందు ఆ కేస్‌షీట్లు పది తీసి చదవండి. డాక్టర్ల మాటే సరైనదైతే అలర్ట్‌ను మార్చండి లేదా పీకేయండి. అలర్ట్ మాటే సరైనదైతే దాని రాత మార్చండి, లేదా అది సరైన మనిషికి చేరుతోందా చూడండి. దాటేసినవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి. మర్నాటి నుంచి కారణాల గడిలో నిజం ఉండదు.

ప్రతి అలర్ట్‌కూ ఒక పేరు, ఒక తేదీ ఉండాలి: ఎవరు పెట్టమన్నారు, మళ్లీ ఎప్పుడు చూడాలి. ఆఫ్ చేసినప్పుడు కూడా అంతే. అలర్ట్ దాటుకుని రోగికి మందు వికటిస్తే మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి చెప్పండి, టోల్‌ఫ్రీ 1800-180-3024.

10. కరెంటు పోయినప్పుడు

తుపాను కాలంలో ఇది ఒక రోజు సంగతి కాకపోవచ్చు. ప్రతి వార్డులో ఒక ఫైలు ఉంచండి: ఖాళీ మందుల చార్టులు, పిల్లల బరువు-మోతాదు పట్టిక, పూర్తిగా ఆపే అలర్ట్‌ల జాబితా అచ్చు వేసినది. రోజూ సాయంత్రం ఆరింటికి వార్డు రోగుల మందులు, ఎలర్జీలు, తాజా క్రియాటినిన్ ఒక కాగితం మీద ప్రింటు తీసి ఆ ఫైల్లో పెట్టే పని నైట్ డ్యూటీ సిస్టరుది.

కరెంటు వచ్చాక కాగితం మీదివన్నీ మళ్లీ ఎక్కిస్తారు. ఆ గంటలో అలర్ట్‌లు గుంపుగా వస్తాయి, ఎక్కించేవాళ్లు 'ఎలాగూ ఇచ్చేశాంగా' అని దాటేస్తారు. ఇచ్చింది ఒక డోసే, రేపటి డోసు ఇంకా మిగిలే ఉంది. అందుకని తిరిగి ఎక్కించడం ఆపరేటరుకు వదలకుండా ఫార్మసిస్టు పక్కన కూర్చోవాలి. వచ్చిన ప్రతి అలర్ట్‌ను రాసుకుని, తర్వాతి డోసు సమయం లోపు వార్డుకు ఫోన్ చేయాలి.